కంచె ఇవతలి మాంసం

ఎంట్రీ 1

ఇది తెలుగులో రాస్తున్నాను. స్కూల్ ట్యాబ్‌లో ఇంగ్లీష్‌లో ఏం టైప్ చేసినా సిస్టమ్ చదివి, ఈ కరకట్ట ఊళ్ళని నడిపే బోర్డుకి పంపేస్తుంది. దానికి తెలుగు రాదు. నాకూ అంత బాగా రాదు, మామ్మ నేర్పిన అక్షరాలే. తప్పులుంటే ఉంటాయి, చదివేది నేనొక్కదాన్నే.

ఈరోజు పొద్దున బట్టలుతికే రాయి మీద లివర్ ఉంది.

పంది లివర్. ఇంకా వేడిగానే ఉంది. ఎక్కడా చిరగలేదు. విస్తట్లో వడ్డించినట్టు రాయికి సరిగ్గా మధ్యలో పెట్టి ఉంది.

మంచినీళ్ళ లైను పుంజు దొడ్డి కంచె దాకానే వచ్చింది కాబట్టి మా రాయి కూడా అక్కడే. కంచె అంటే తాటిదుంగలు నిలువుగా పాతి, ఇనప పట్టీలతో బిగించినది. దుంగకీ దుంగకీ మధ్య నా చెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి ముక్కు దూరుతుంది. తల దూరదు. నేను తల ఎత్తేసరికి కాకిడేగ అవతల నిలబడి ఒక కంటితో నన్నే చూస్తోంది.

ఆ పేరు నాన్న పెట్టాడు. మా వాళ్ళు తరతరాలుగా భీమవరం పక్కన పందెం పుంజులు పెంచినవాళ్ళు. భీమవరం ఇప్పుడు ఉప్పునీళ్ళ కింద ఉంది. రంగుల పేర్లు మాత్రం మాతోపాటు ఈ కట్ట మీదకి వచ్చాయి. ఒళ్ళు నలుపు, మెడ ఎరుపు అయితే కాకిడేగ. బోర్డు రికార్డులో అది ఫోరస్రాకస్, మేల్. మా లెసన్‌లో టెర్రర్ బర్డ్, మనిషి కన్నా ఎత్తైన వేట పక్షి. మనుషులు పుట్టకముందు ఎక్కడో దక్షిణ అమెరికా గడ్డి మైదానాల్లో తిరిగి, అంతరించిపోయింది. ఊళ్ళు ఖాళీ అయ్యాక అడవి పందులు పెరిగిపోయి, కట్టల మీద వేసిన నారు మొత్తం తవ్వి పారేస్తుంటే, బోర్డు వాళ్ళు దాన్ని ల్యాబ్ గుడ్లలోంచి మళ్ళీ పుట్టించారు. ఎవరు పెంచుతారని అడిగితే మావాళ్ళు చెయ్యెత్తారు. కోడే కదా అన్నారు.

నేను లివర్ చేతిలోకి తీసుకోగానే అది ఎడమ రెక్క నేల మీదకి జార్చి, ఒక అడుగు పక్కకి వేసింది. ఎగరడానికి పనికిరాని చిన్న రెక్క. మట్టిలో గీత పడింది.

బూడిద కుప్ప వెనక గొయ్యి తీసి లివర్ పాతిపెట్టాను. నాన్నకి చెప్పలేదు. ఆడవాళ్ళు పుంజు కంట పడకూడదని మావాళ్ళ రూల్. చెబితే రాయిని జరపరు. నన్నే జరుపుతారు, హాస్టల్‌కి. అమ్మ ఎలాగూ ఎనిమిదో కట్ట ఆస్పత్రిలో డ్యూటీలో ఉంటుంది, పడవ దొరికితేనే వస్తుంది. నేను కూడా వెళ్ళిపోతే నాన్న, మామ్మ మాత్రమే మిగులుతారు.

ఎంట్రీ 2

నాన్న పొద్దున్నే దొడ్డిలోకి వెళ్ళేటప్పుడు చొక్కా వేసుకోడు. పిల్లప్పటి నుంచీ దానికి తన ఒంటి వాసన అలవాటట. నోటినిండా నీళ్ళు పట్టి దాని మొహం మీద తుంపర కొడతాడు. పందెం పుంజుకి చేసేదే. కాకపోతే దీనికి స్టూలెక్కాలి.

గేటు గడియ సత్తి బాబాయ్ పట్టుకుంటాడు. నాన్నకి పినతండ్రి కొడుకు. నోరు ఊరుకోదు.

"అన్నయ్యా, స్టూలు మీద నువ్వు, నేల మీద అది. ఎవుడు ఎవుణ్ణి పెంచుతున్నాడో ఫొటో తీస్తే తెలీదు."

"నువ్వు గడియ సూస్కోరా."

"సూస్తన్నా. నువ్వు జారిపడ్డావనుకో, గడియేసి ఇంటికెళ్ళి అన్నం తింటా. ఆయ్."

నాన్న స్టూలు మీద నుంచే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను.

తర్వాత ఒక పందిని లోపలికి వదిలారు. కాకిడేగ స్కల్ గురించి మాకు లెసన్ ఉంది. పై నుంచి కిందికి రాయంత గట్టి, పక్కలకి మాత్రం బలహీనం. కుక్కలాగా కరుచుకుని విదిలిస్తే దాని ముక్కే విరుగుతుంది. అందుకే విదిలించదు. గొడ్డలి వేసినట్టు ఒక్క దెబ్బ వేసి, వెంటనే వెనక్కి తగ్గి నిలబడుతుంది. పంది కదిలితే మళ్ళీ దెబ్బ. కదలకపోతే చూస్తూ ఉంటుంది, అది చల్లబడేదాకా. ఆ చూడటమే నాకు భయం. అందులో కోపం ఉండదు.

గొంతు కూడా అంతే. చెవికి వినపడదు, ఛాతీలో తెలుస్తుంది. అది కూసినప్పుడు అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఈమధ్య నేను బట్టల బకెట్ ఎత్తుకుని బయటికి రాగానే మోగుతున్నాయి.

లివర్ తర్వాత గుండె పెట్టింది. ఆ తర్వాత కిడ్నీలు, రెండూ పక్కపక్కనే. మొన్న నేను తీసుకోకుండా ఉతుక్కుంటూ కూర్చున్నాను. ముక్కుతో దుంగని కొట్టడం మొదలుపెట్టింది. చెక్క పేడులు లేచి నా జుట్టులో పడ్డాయి. సత్తి బాబాయ్ "ఏంటా సప్పుడు?" అని అటువైపు నుంచి అరిచాడు. చటుక్కున తీసుకున్నాను. వెంటనే ఆపేసింది.

ఎంట్రీ 3

నాన్న స్టూలు విరిగింది.

ఆయన దిగిన తర్వాతే విరిగింది, అదొక్కటే అదృష్టం. నేను రాయి దగ్గర ఉన్నాను. నాన్న స్టూలు దిగి నావైపు తిరిగి "అమ్మడూ, ఇక్కడేం పని, లోపలికెళ్ళు" అన్నాడు. కాకిడేగ తల కిందికి దించి, మెడ ఈకలు లేపి స్టూలు మీద ఒక్క దెబ్బ వేసింది. టేకు చెక్క రెండు ముక్కలైంది. ఒక్క అడుగు వెనక్కి తగ్గి నాన్నని చూసింది.

నాన్న కదలకుండా నిలబడ్డాడు, తర్వాత పగలబడి నవ్వాడు.

"సూశావా సత్తీ, పౌరుషం!"

"సూశా. స్టూలుది అయిపోయింది. నెక్స్టు ఎవరిదో."

నేను లోపలికి వెళ్ళాను. కిటికీ తెరకి చిన్న చిల్లు పెట్టి చూశాను. నేను కనపడకపోతే అది నాన్న చేతిలో కోడిపిల్లలాగా ఉంటుంది. మెడ నిమిరించుకుంటుంది. నేను బయటికొస్తే నాన్న వైపు తల దించుతుంది. మూడు పొద్దులు అలాగే చూశాను. మూడుసార్లూ అదే.

నాన్న ఎప్పుడూ గొప్పగా చెప్పే కథ ఒకటుంది. ల్యాబ్ నుంచి రెండు గుడ్లు వచ్చాయి, ఒక పుంజు, ఒక పెట్ట. రెంటినీ కలిపి పెంచమని బోర్డు మాన్యువల్‌లో ఉంది. నాన్న నవ్వి పక్కన పడేశాడు. మొదటి కూత కూశాక ఏ పుంజునైనా విడిగా కట్టాలి, లేకపోతే పౌరుషం చస్తుంది, ఇది మాన్యువల్ రాసినోడికేం తెలుసు అన్నాడు. కూత దాకా కూడా ఆగకుండా, పెట్టని గుడ్డులోంచి రాగానే బావి పక్క దొడ్డిలో పెట్టించాడు. మధ్యలో గోడ. పుంజు కళ్ళు సరిగ్గా తెరిచినప్పటి నుంచీ నాన్నని తప్ప ఎవర్నీ చూడలేదు.

కోళ్ళకి అది సరిపోతుందేమో. కోడిపిల్ల కళ్ళు తెరిచేసరికి చుట్టూ కోళ్ళే ఉంటాయి.

ట్యాబ్‌లో ఇంప్రింటింగ్, అంటే పుట్టగానే చూసినవాళ్ళనే తనవాళ్ళనుకోవడం, అని వెతికాను. మనుషులు ఒంటరిగా పెంచిన కొంగలు పెద్దయ్యాక సాటి కొంగల మొహం చూడవట. మనుషుల ముందే రెక్కలు జార్చి డాన్స్ చేస్తాయట. మనుషులకే తిండి తెచ్చి పెడతాయట. పక్కన ఇంకో మగమనిషి ఉంటే మీద పడతాయట.

చదివాక చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

అది తనని తాను మనిషి అనుకుంటోంది. లేదా మమ్మల్ని పక్షులనుకుంటోంది. నాన్న దానికి పోటీ పుంజు. నేనేంటో ఇక్కడ రాయను.

సాయంత్రం మామ్మ చేటలో బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. సగమే చెప్పాను. మాంసం సంగతి, రెక్క సంగతి.

మామ్మ బియ్యంలో రాయి తీసి అవతల పారేసి, "పుంజన్నాక గింజ కనపడితే పెట్టని పిలిచి పెడద్ది. దానికేముంది" అంది. తర్వాత చెయ్యి ఆగింది. "నీకు పెట్టిందా?"

"ఊఁ."

"నువ్వు తీసుకున్నావా?"

"తీసుకుని పాతిపెట్టేశా మామ్మా. తినలేదు."

"అది దానికి తెలీదుగా బుజ్జమ్మా. తీసుకున్నావు."

చేట పక్కన పెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది. "మీ నాన్నకి నే సెప్తా" అంది. వద్దని ఒట్టు పెట్టించుకున్నాను. నాన్న ముందు ఆ మాట అనిపించుకుని నేను ఎలా తిరగాలి?

ఎంట్రీ 4

రాయి దగ్గరికి వెళ్ళడం మానేశాను. మామ్మే ఉతుకుతోంది. పుంజు తిండి మానేసింది. పొద్దుటి నుంచీ గ్లాసులు మోగుతూనే ఉన్నాయి. అన్నిటినీ తీసి చాప మీద బోర్లించాను. నేల కూడా వణుకుతోంది.

దొడ్డి మూలన అది కాళ్ళతో మట్టి తవ్వుతోంది. మట్టిస్నానం అంటున్నాడు నాన్న. మట్టిస్నానానికి అంత గుండ్రంగా ఎందుకు తవ్వుతుంది, ఎండుగడ్డి ఎందుకు పరుస్తుంది?

బోర్డు మేడం పడవ మీద వచ్చింది. పేరు శర్వాణి. నేలమీద కూర్చుని మామ్మ ఇచ్చిన మజ్జిగ తాగింది. మంచి మనిషే. కానీ నాన్నకి చెప్పిన మాట మంచిది కాదు.

"నరసరాజు గారూ, శుక్రవారం ఓపెన్ ఫీల్డ్ ట్రయల్. పై వాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. బర్డ్ పందిని కొట్టి మీరు పిలిస్తే వెనక్కి రావాలి. రాకపోతే ఈ ప్రోగ్రామ్ మూసేస్తారు."

"మూస్తే పుంజు?"

మేడం గ్లాసులోకి చూసింది. "దాన్ని ఉంచరండి."

"వస్తదండి. తాడు కూడా అక్కర్లేదు. పక్కన నడుస్తా."

ఆమె వెళ్ళేదాకా ఆగి నాన్న వెనకాలే దొడ్డి మలుపు దాకా వెళ్ళాను.

"నాన్నా, నువ్వు వెళ్ళకు. బాబాయ్‌ని పంపు. లేకపోతే కట్ట మీదే ఉండి పిలువు."

"ఎందుకే?"

"దానికి నువ్వంటే కోపం."

"కోపమా! నా చేతుల్లో పుట్టింది. దాని మొదటి ముద్ద నా నోట్లోంచి పెట్టాను."

"పుట్టినప్పుడు వేరు. ఇప్పుడు అది పెద్దది. స్టూలు విరగ్గొట్టింది చూశావు కదా."

"అది ఆడతది అమ్మడూ. నీకేం తెలుసు? ఆ ట్యాబ్‌లో రాశారా?"

"రాశారు."

"ఏమని?"

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. నాన్న మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. "స్ట్రెస్" అన్నాను. ఇంగ్లీష్ మాట అంటే నాన్న ఇంకేం అడగడని తెలుసు. అడగలేదు. "పొద్దస్తమానం దీని సుట్టూ తిరగబాక. ఆడపిల్లలు దొడ్డి కాడికి రాకూడదనేది ఇందుకే" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం నేను కనపడకుండా ఉంటే చాలు. నేను లేకపోతే అది కోడిపిల్ల. కట్ట మీది నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంటాను. కదలను.

ఎంట్రీ 5

దొడ్డి లోపల ఉన్నాను.

మూలన అది తవ్విన గుంటలో, ఎండుగడ్డి మీద. ట్యాబ్ బ్యాగ్ భుజానికి ఉండిపోయింది. టైప్ చేస్తే అది ఏమీ అనడం లేదు. లేచి నిలబడితే ముక్కుతో భుజం మీద నొక్కి కూర్చోబెడుతోంది. నెమ్మదిగానే. కానీ పంది వెన్ను విరిచే ముక్కు అది. చేతులు ఏదో ఒక పనిలో ఉంటే ఏడుపు రావడం లేదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున ట్రయల్ బాగా మొదలైంది. కట్ట మీద జనం. కింద ఎండిన మడిలో నాన్న, పక్కనే కాకిడేగ. నేను ట్యాంకు వెనక. తుమ్మ పొదల్లోంచి పందుల మంద పరిగెత్తుకొచ్చింది. అది పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. దొడ్డిలో చోటేదీ? తల కొంచెం కూడా ఊగదు. కాళ్ళు మాత్రం కనపడవు, అంత వేగం. లోపలి వేలి గోరు నేలకి తగలకుండా పైకి ఎత్తి పెట్టుకుంది. మందలో అన్నిటికన్నా పెద్ద పంది మెడ మీద దెబ్బ వేసింది. వెనక్కి తగ్గింది. ఆగింది. కోట్ల ఏళ్ళ కిందట గడ్డి మైదానంలో కూడా ఇలాగే నిలబడి ఉంటుంది అనిపించింది. ఒక్క క్షణం నాకు భయం కూడా పోయింది. చాలా అందంగా ఉంది.

నాన్న పిలిచాడు. అది రాలేదు. పంది పొట్ట చీల్చి లివర్ తీసింది. ముక్కు చివర పట్టుకుని, తల ఎత్తి కట్ట మీద జనాన్ని ఒక్కొక్కళ్ళనీ చూస్తూ నడిచింది.

నన్ను వెతుకుతోంది.

వాసన పట్టిందో, బ్యాగ్ కనపడిందో తెలీదు. తిన్నగా ట్యాంకు వైపు తిరిగింది. జనం అరుస్తూ చెదిరిపోయారు. నాన్న పరుగున వచ్చి దానికీ నాకూ మధ్య నిలబడ్డాడు. నన్ను కాపాడ్డానికే. అంతకంటే తప్పు చోటు ఇంకోటి లేదు.

లివర్ జాగ్రత్తగా కింద పెట్టింది. తల దించింది.

నాన్న పక్కకి ఒరిగాడు కాబట్టి తల మీద పడాల్సింది భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నాన్న వెల్లకిలా పడ్డాడు. అది వెనక్కి తగ్గి, నిలబడి, చూస్తోంది.

"నాన్నా, కదలకు! అస్సలు కదలకు!"

సత్తి బాబాయ్ కర్ర పట్టుకుని దిగబోతుంటే ఆయన్నీ ఆగమని అరిచాను. నాన్న మూలుగుతూ చెయ్యి ఊనబోయాడు. అది మళ్ళీ తల దించింది.

నేను బయటికి వచ్చాను.

లివర్ దగ్గరికి నడిచాను. వంగి రెండు చేతులతో తీసుకున్నాను. కోడిపెట్ట ఎలా కూర్చుంటుందో మామ్మ పెరట్లో వెయ్యిసార్లు చూశాను. అలా మోకాళ్ళ మీద కూర్చుని తల దించుకున్నాను. నాన్న చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ నేను చెప్పలేనిది ఆయనకి అప్పుడు తెలిసింది.

అది నాన్నని వదిలేసి నా చుట్టూ తిరిగింది, రెక్క నేల మీద ఈడుస్తూ. బాబాయ్ నాన్నని కాళ్ళు పట్టుకుని లాక్కెళ్ళాడు. తర్వాత అది నన్ను వెనక నుంచి నొక్కుతూ నడిపించింది. తెరిచి ఉన్న గేటులోంచి, దొడ్డిలోకి, ఈ గుంటలోకి.

బతికే ఉన్నాడు. కంచె అవతల నాన్న గొంతు వినపడుతోంది. మామ్మని తిడుతున్నాడు, ముందే తెలిసి చెప్పలేదని. తిట్టేంత ఓపిక ఉంటే పరవాలేదు.

మేడం సందులోంచి మాట్లాడింది. మూడో కట్ట నుంచి తుపాకీ మనిషి బయలుదేరాడట.

"ప్రణవీ, ధైర్యంగా ఉండు. వల కూడా తెస్తున్నారు."

"వద్దు మేడం. ఎవరు దగ్గరికొచ్చినా ఇది నా మీద నిలబడుతోంది. చూడండి, ఇప్పుడు మీరొస్తేనే ఎలా నిలబడిందో. గుండు నాకే తగులుతుంది."

ఆమె వెనక్కి తగ్గింది. దాని కాళ్ళు నాకు రెండు వైపులా రెండు దుంగల్లాగా ఉన్నాయి. పొట్ట ఈకల్లోంచి వేడి తగులుతోంది.

గుంట తవ్వింది ఇదే. గడ్డి పరిచింది ఇదే. ఈ గుంటలో ఇదే కూర్చోవాలనుకుంటోందా? ఈముల్లో మగదే పొదుగుతుంది, లెసన్‌లో ఉంది. గుడ్డు పెట్టేదాకానే ఆడదాని పని. తర్వాత మగది కూర్చుంటుంది, తిండి కూడా మాని. ఇది కూడా అలాగేనా? ఎవరికీ తెలీదు. ముక్కు ఎంత బలంగా కొట్టిందో ఎముకలు చెబుతాయి. గుడ్డు మీద ఎవరు కూర్చున్నారో చెప్పవు.

బావి పక్క దొడ్డిలో పెట్ట పోయిన వారం నుంచి గుడ్లు పెడుతోంది. ఊరికే పెట్టే గుడ్లు, పిల్ల రాదు. సత్తి బాబాయ్ నిన్న ఒకటి అట్టు వేసుకున్నాడు.

"మామ్మా!"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"పెట్ట గుడ్డు ఒకటి కావాలి. ఇది పొదుగుతుందేమో."

సత్తి బాబాయ్ అన్నాడు: "పుంజు పొదుగుద్దా? ఓరి నాయనో, పిల్లకి ఎండ తగిలింది."

"నోరు ముయ్యిరా సత్తీ" అన్నాడు నాన్న. గొంతు సన్నగా ఉంది. "పిల్ల సెప్పినప్పుడు ఇననందుకే ఇక్కడున్నాం. గుడ్డు తే."

మామ్మ సందు దగ్గరికి నోరు పెట్టి మెల్లగా చెప్పింది. "సల్లటి గుడ్డు తన్నేస్తది. అన్నం గిన్నె పక్కన పెట్టి వెచ్చబెడతాను. నువ్వు దాని కళ్ళ ముందు పెట్టబాక. నీ కిందకి తోసుకో. నువ్వే పెట్టావనుకోవాల. ఎంటనే లేవబాక."

ఎంట్రీ 6

మర్నాడు రాస్తున్నాను. ఇంట్లో ఉన్నాను.

గుడ్డు పెద్ద బొండం అంత ఉంది. సందులో పట్టదు. గుంట వెనక నీళ్ళు పోయే తూము ఉంది, అక్కడ మాత్రమే పడుతుంది. బాబాయ్ తెస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. విరిగిన భుజాన్ని తువ్వాలుతో కట్టుకుని, తూము బురదలో బోర్లా పడుకుని పాకుతూ వచ్చాడు. నిలబడిన మగమనిషి కనపడితే అది ఊరుకోదని ఆయనకి ఇప్పుడు తెలుసు. పందెం బరిలో ఎవరి ముందూ తల దించని మనిషి. గడ్డం నేలకి ఆనించి, ఎడమ చేత్తో గుడ్డు దొర్లించాడు. నా వేళ్ళకి ఆయన వేళ్ళు తగిలాయి.

"నాకెందుకు సెప్పలేదే" అన్నాడు, పెదాలు మాత్రమే కదిలిస్తూ.

"సిగ్గేసింది నాన్నా."

కళ్ళు మూసుకున్నాడు. తర్వాత అలాగే వెనక్కి పాకాడు.

గుడ్డు మీద కూర్చున్నాను. వెచ్చగా ఉంది. ఎంతసేపో తెలీదు. కాళ్ళు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి. అప్పుడు నెమ్మదిగా ఒక పక్కకి జరిగాను. గడ్డిలో గుడ్డు కనపడింది.

అది చూసింది. తల అటు తిప్పి ఒక కంటితో, ఇటు తిప్పి ఇంకో కంటితో. తల దించింది. గుడ్డు మీద దెబ్బ వేస్తుందనుకున్నాను. తర్వాత దెబ్బ నాకే. ముక్కు చివర గుడ్డుకి తగిలింది. తిప్పింది. పెంకు మీద గీత కూడా పడలేదు. ఇంకొంచెం తిప్పింది. నా ఛాతీలో ఎప్పుడూ తెలియని కూత ఒకటి తెలిసింది, చాలా చిన్నది.

కాళ్ళు మడిచి దాని మీద కూర్చుంది.

నేను లేచాను. నొక్కలేదు. నడిచాను. గేటు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. బాబాయ్ గడియ వేసి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

తుపాకీ మనిషి వచ్చాడు. మేడం కాల్చనివ్వలేదు. "ఇది ప్రపంచంలో ఎవరూ చూడలేదు" అంటూ కంచె దగ్గరే కూర్చుంది. నాన్నని పడవలో అమ్మ ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ఎంట్రీ 7

నాన్న తిరిగొచ్చాడు. చెయ్యి జోలెలో ఉంది. అమ్మ కూడా వచ్చింది. హాస్టల్ మాట ఎవరూ ఎత్తలేదు.

పుంజు లేవలేదు. తినలేదు. వానలో కూడా అలాగే కూర్చుంది. అది కూర్చున్నది ఖాళీ గుడ్డు మీద అని అందరికీ తెలుసు, దానికి తప్ప. కుళ్ళిన రోజు లేస్తుంది. లేచి ఎవరి కోసం వెతుకుతుందో కూడా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు. నేను రాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా దాని కన్ను నావైపు తిరుగుతోంది. కూర్చునే ఉంది, కానీ చూస్తోంది.

ఈరోజు మధ్యాహ్నం మేడం ల్యాబ్ నుంచి పెట్టె తెచ్చింది. లోపల గుడ్డు, పొదిగే రోజులు దాదాపు పూర్తయినది. ఇది బతికున్నది. పుంజు కింద ఉన్నదాన్ని తీసి దీన్ని పెట్టాలి.

"ఎవరు పెడతారు?" అంది అమ్మ.

మేడం నావైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"అమ్మడు ఎళ్ళదు" అన్నాడు నాన్న. "దొడ్డి తగలబెట్టినా సరే, అది మాత్రం లోపలికి ఎళ్ళదు."

నేను పెట్టెలోంచి గుడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, వెచ్చగా ఉండాలని. పెంకుకి చెవి ఆనించాను. లోపల టిక్, టిక్ అని కొడుతోంది. మధ్యలో సన్నటి అరుపు. పిల్ల పెంకు లోపలి నుంచే పిలుస్తోంది.

అది విన్నది నేనొక్కదాన్నే కాదు.

దొడ్డిలో పుంజు లేచింది. ఇన్నాళ్ళూ కూర్చుని కాళ్ళు తడబడ్డాయి. కంచె దగ్గరికి వచ్చింది. అందరూ వెనక్కి పరుగెత్తారు. నాన్న నా భుజం పట్టుకుని లాగుతున్నాడు. ఇన్నాళ్ళకి తన ముందు మళ్ళీ నిలబడిన నాన్నని అది చూడలేదు. తల పక్కకి వాల్చి వింటోంది.

"వదులు నాన్నా. ఒక్క నిమిషం."

తూము దగ్గర బోర్లా పడుకుని గుడ్డుని లోపలికి దొర్లించాను. నాన్న నా పక్కనే పడుకుని, నా కాలి మడమ గట్టిగా పట్టుకున్నాడు. ముక్కు కిందికి వచ్చింది, నా చేతికి జానెడు దూరంలో. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను, బిగుసుకుపోయింది. ముక్కు చెయ్యి పక్క నుంచి వెళ్ళి గుడ్డుని తన వైపు లాక్కుంది. మళ్ళీ లాక్కుంది. కొంచెం కొంచెంగా గుంట దాకా దొర్లించుకుపోయింది.

ఖాళీ గుడ్డుని కాలితో బయటికి తన్నేసింది. కొత్తదాని మీద కూర్చుని, తల దించి, తన పొట్ట కిందకి ఆ చిన్న కూత కూసింది. లోపలి నుంచి జవాబు వచ్చింది.

లేచి నిలబడ్డాను. బట్టలకి బురద. రాయి దగ్గరికి వెళ్ళి కొళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను, అది చూసేంత దగ్గరలో, కావాలనే, చాలాసేపు.

ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.